కార్ఖానాలో శిక్షణ: ఏం నేర్పాలో తేల్చుకోవడం, నేర్పడం, పని మారిందో లేదో కొలవడం

ఒడిశాలో బరంపురం నుంచి పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ దాకా తెలుగువాళ్లు నడిపే జీడిపప్పు యూనిట్లలో, రైస్ మిల్లుల్లో, నర్సింగ్ హోముల్లో శిక్షణ చాలావరకు ఒకే తీరుగా జరుగుతుంది. బయటినుంచి ఒకాయన వస్తారు. ప్రొజెక్టర్ పెట్టి హిందీలోనో ఇంగ్లీషులోనో మాట్లాడతారు. హాజరు పట్టీ మీద సంతకాలు, వేలిముద్రలు పడతాయి. టీ, సమోసా, గ్రూప్ ఫోటో. మర్నాడు పని నిన్న ఎలా జరిగిందో అలాగే జరుగుతుంది. డబ్బు ఖర్చయింది, కూలీల పూట పోయింది, ఏం మారిందని అడిగితే చూపించడానికి ఫోటో తప్ప ఏమీ ఉండదు.

ఇలా కాకుండా ఉండాలంటే క్రమం తిరగేయాలి. ఏ పని ఎంత మారితే శిక్షణ ఫలించినట్టో, దాన్ని ఎవరు, ఎప్పుడు, ఏ తూకంతో కొలుస్తారో ముందు రాసుకోవాలి. పాఠం ఆ తర్వాత తయారుచేయాలి.

చెప్పేది గాలిలో ఉండకుండా ఒక ఉదాహరణ పట్టుకుని వెళ్దాం: పర్లాకిమిడి పక్కన 60 మంది పనిచేసే జీడిపప్పు యూనిట్. అందులో 40 మంది పిక్కలు కోసేవాళ్లు. పప్పు విరగని గుండుగా రాకుండా బద్దలు, నూక ఎక్కువవుతున్నాయని యజమాని బాధ. కింది అంకెలు లెక్క చూపడానికి వేసుకున్నవి. వాటి స్థానంలో మీ యూనిట్ అంకెలు పెట్టుకోండి.

ఇది నేర్పితే తీరే కష్టమేనా?

ఎక్కువ డబ్బు వృథా అయ్యేది ఇక్కడే, కాబట్టి ఇక్కడ తొందరపడవద్దు. పని సరిగా జరగకపోతే "వీళ్లకు ట్రైనింగ్ ఇప్పించాలి" అనేయడం సులువు. ఆ మాట అనే ముందు ఒక ప్రశ్న వేసుకోవాలి: ప్రాణం మీదికొస్తే ఈ మనిషి ఈ పని సరిగా చేయగలడా? చేయగలడంటే లోపం తెలియకపోవడంలో లేదు, మరెక్కడో ఉంది. అప్పుడు ఎంత మంచి శిక్షణ ఇచ్చినా పని మారదు.

జీడిపప్పునే చూడండి. బద్దలు ఎక్కువ కావడానికి కోసేవాళ్ల చెయ్యి ఒక్కటే కారణం కాదు. బాయిలర్ దగ్గర పిక్కకు ఆవిరి తక్కువ పట్టితే పెంకు లొంగదు, బలం ఎక్కువ పెట్టాలి, లోపల పప్పు విరుగుతుంది. ఆవిరి ఎక్కువైతే పప్పు రంగు మారుతుంది. ఉడికించిన పిక్కను పూర్తిగా ఆరనివ్వకుండా కోతకు పంపితే పప్పు పెంకు నుంచి వీడదు. పిక్కలను సైజుల వారీగా జల్లించకపోతే పెద్ద పిక్కకు అమర్చిన బ్లేడ్ల సందులో చిన్న పిక్క పడుతుంది. బ్లేడు మొద్దుబారినా అదే గతి. వీటిలో ఒక్కటి కూడా కోసే మనిషి చేతిలో లేదు.

ఇంకోటి కూలి పద్ధతి. కిలోకు ఇంత అని, గుండుకూ బద్దకూ ఒకే రేటు ఇస్తుంటే, నెమ్మదిగా కోసి గుండు తీసే ఆవిడకు సాయంత్రానికి తక్కువ డబ్బు వస్తుంది. ఆవిడకు పని తెలుసు. తెలిసే వేగంగా కోస్తోంది, ఎందుకంటే రేటు అలా కోయమంటోంది. ఇక్కడ మార్చాల్సింది రేటు. గుండుకు కిలోకు కొంచెం ఎక్కువ కట్టి రెండు వారాలు చూడండి. బద్దలు దానంతటవే తగ్గితే శిక్షణ ఖర్చు మిగిలినట్టే.

కారణం తేల్చడానికి గదిలో మీటింగ్ పెడితే చాలదు. మూడు పనులు చేయాలి. బాగా కోసే ఇద్దరినీ, ఎక్కువ బద్దలు చేసే ఇద్దరినీ ఒకే లాట్ పిక్కలతో, ఒకే మిషను మీద, పూటకొకరిని కూర్చోబెట్టి చూడాలి. తర్వాత మిషను మార్చి మళ్లీ చూడాలి. మిషను మారినా తేడా అలాగే ఉంటే అది చేతి తేడా. మిషనుతో పాటు తేడా కూడా మారితే అది బ్లేడు తేడా. రెండోది, వారం రోజుల బద్దల తూకాన్ని లాట్ల వారీగా విడదీసి చూడాలి. మూడోది, అడగాలి. అడిగేది యజమాని కాకూడదు. "అప్పా, ఈ పూట బద్దలు ఎక్కువొచ్చాయి, పిక్క ఎలా ఉంది?" అని ఒళ్లో గంప పెట్టుకున్న మనిషి పక్కన కూర్చుని అడిగితే, "పచ్చిగా దించేశారు బాబూ, పెంకు వదల్లేదు" అని సమాధానం అక్కడే దొరుకుతుంది. మీ పనిలో లోపం ఏమిటి అని ఆఫీసుకు పిలిచి అడిగితే ఎవరూ చెప్పరు.

ఈ వడపోత తర్వాత కూడా చేతి తేడా మిగిలితే, దానికే శిక్షణ.

ముందు తూకం

శిక్షణకు ముందు పరిస్థితి ఎలా ఉందో అంకెల్లో లేకపోతే తర్వాత ఏ లెక్కా నిలబడదు. ఒక్కొక్కరి పప్పు నుంచి 500 గ్రాములు కలగలిపి తీసి, గుండ్లు వేరుచేసి తూచాలి. గంప పైనుంచి మాత్రమే తీయకూడదు. నూక అడుగుకు దిగిపోతుంది, పైన గుండ్లే కనిపిస్తాయి. ఒక్కరోజు తూకంతో సరిపెట్టకూడదు. లాటు మారితే పది శాతం తేడా ఊరికే రావచ్చు. వేర్వేరు రోజుల్లో కనీసం మూడుసార్లు తూచి సగటు తీయాలి.

ఇక్కడ ఒక పొరపాటు తరచూ జరుగుతుంది. అందరికంటే ఎక్కువ బద్దలు చేసిన పదిమందిని ఒక్కరోజు తూకంతో ఎంచి, వాళ్లకు శిక్షణ ఇచ్చి, వచ్చే వారం తూచి, బాగుపడ్డారని సంబరపడతారు. ఆ రోజు ఆ పదిమందిలో కొందరికి పిక్క బాగోలేదు, కొందరికి ఒంట్లో బాగోలేదు. ఏమీ నేర్పకపోయినా వచ్చే వారం వాళ్ల సగటు కొంత పైకి లేస్తుంది. అందుకే మూడు తూకాల సగటు చూసి ఎంచాలి. ఇంకా మంచిది, అందరినీ రెండు సగాలు చేసి ఒక సగానికి ముందు, రెండో సగానికి నెల తర్వాత నేర్పడం. దీని ఉపయోగం కింద లెక్క దగ్గర తెలుస్తుంది. సగాలు చేసేటప్పుడు మేస్త్రీకి ఇష్టమైనవాళ్లంతా ఒకవైపు పడకుండా చీటీలు తీయండి.

లక్ష్యాన్ని ఒక్క వాక్యంలో రాయడం

"కోత మీద అవగాహన పెంచడం" అనేది లక్ష్యం కాదు, దాన్ని తూచలేం. అమెరికన్ రాబర్ట్ మేగర్ 1962లో చెప్పిన మూడు భాగాల పద్ధతి ఇప్పటికీ బాగా పనికొస్తుంది: మనిషి చేసే పని, ఏ పరిస్థితిలో చేయాలి, ఎంత బాగా చేయాలి. మన యూనిట్‌కు ఇలా రాసుకోవచ్చు:

"ఒకే సైజుకు జల్లించి, పూర్తిగా ఆరిన పిక్కలు, పదునైన బ్లేడు ఇస్తే, గంటకు 1.25 కిలోల పప్పు తీయాలి, అందులో తూకం మీద 75 శాతం గుండ్లు ఉండాలి, పూటంతా చేతికి తొడుగు గానీ నూనె పూత గానీ తప్పకుండా ఉండాలి."

చివర ఉన్న చేతి తొడుగు మాట మర్చిపోవద్దు. పెంకులోని జీడి నూనె చర్మాన్ని కాలుస్తుంది. గుండ్ల శాతం పెంచడానికి చేతి తొడుగు పక్కన పెట్టేస్తే ఆ శిక్షణ మనిషికి హాని చేసినట్టు. వేగం, నాణ్యత, భద్రత మూడూ ఒకే వాక్యంలో లేకపోతే ఒకటి పెరిగేటప్పుడు ఇంకోటి పడిపోతుంది.

మొదటి రెండు పదాలు చూశారా, "జల్లించి, ఆరిన". అవి యజమాని మాట ఇస్తున్న షరతులు. ఆ షరతులు నిలబెట్టుకోలేకపోతే 75 శాతం అడిగే హక్కు లేదు.

పనిని విడగొట్టే కాగితం

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా ఫ్యాక్టరీల్లోకి కొత్తవాళ్లు లక్షల్లో వచ్చినప్పుడు వాళ్లకు త్వరగా పని నేర్పడానికి "ట్రైనింగ్ వితిన్ ఇండస్ట్రీ" అనే కార్యక్రమం 1940 నుంచి 1945 దాకా నడిచింది. దాన్నుంచి వచ్చిన పనిముట్టు ఒక్క కాగితం. ఇప్పుడు వాడే రూపంలో మూడు నిలువు గడులు: మెట్టు, కీలకం, ఎందుకు. చదువు తక్కువ ఉన్న చోట దీనికంటే బాగా పనిచేసేది మరోటి లేదు.

కాలితో నొక్కి చేత్తో విప్పే కోత మిషనుకు ఆ కాగితం ఇలా ఉంటుంది.

మొదటి మెట్టు, చేతులు సిద్ధం చేసుకోవడం. కీలకం: తొడుగు గానీ నూనె గానీ, వేళ్ల సందుల్లో కూడా. ఎందుకంటే జీడి ముందు కాల్చేది అక్కడే.

రెండో మెట్టు, పిక్కను బ్లేడ్ల నడుమ కూర్చోబెట్టడం. కీలకం: ప్రతిసారీ ఒకే వైపు తిరిగి ఉండాలి, వదిలితే దొర్లకూడదు. ఎందుకంటే దొర్లితే బ్లేడు పక్కకు దిగి పప్పులోకి పోతుంది.

మూడో మెట్టు, కాలితో నొక్కడం. కీలకం: పెంకు తెగినట్టు కాలికి తెలిసిన చోటే ఆగడం. ఆ తర్వాత ఇంకొంచెం నొక్కితే పప్పు కోసుకుపోతుంది.

నాలుగో మెట్టు, పిడితో పెంకు విప్పడం. కీలకం: గుంజకుండా ఒకే ఊపులో. ఐదోది, సూదితో పప్పు తీయడం. కీలకం: పప్పు కింద నుంచి ఎత్తాలి, గుచ్చకూడదు.

ఇంతే. ఐదు మెట్లు దాటితే కాగితం పెద్దదైపోయిందని, పనిని రెండు పాఠాలు చేయాలని అర్థం. ఇందులో అసలు విషయం మూడో మెట్టు కీలకం. బాగా కోసే మనిషిని అడిగితే "ఏముంది, నొక్కడమే" అంటుంది. ఏళ్ల తరబడి చేసిన పని ఆమెకు మాటల్లోకి రాదు. పక్కన కూర్చుని, నెమ్మదిగా చేయించి, "ఇక్కడ ఎందుకు ఆగావు?" అని ప్రతి ఆపు దగ్గరా అడిగితేనే "కాలికి తెలుస్తుంది" అనే మాట బయటికొస్తుంది. పుస్తకం చూసి, వీడియో చూసి రాసిన కాగితంలో ఈ మాట ఉండదు. ఒక పనికి ఈ కాగితం తయారుచేయడానికి సగం రోజు పడుతుంది. అంతకంటే త్వరగా అయిపోతే కీలకాలు దొరకలేదని అనుమానించండి.

ఏ భాషలో?

ఈ జిల్లాల్లో సమస్యలో సగం ఇదే. యజమాని, గుమాస్తా తెలుగు. ఆఫీసు నోటీసులు, ప్రభుత్వ కాగితాలు ఒడియా. మిషను పుస్తకం ఇంగ్లీషు. కోసేవాళ్లలో తెలుగువాళ్లు, ఒడియావాళ్లు, కొండ మీది ఊళ్లనుంచి వచ్చే సవరలు. రాయగడ వైపు వెళితే కోందుల భాష కువి మాట్లాడేవాళ్లు కలుస్తారు. చాలామంది రెండు మూడు భాషలు మాట్లాడతారు కాబట్టి ఏ భాషలో చెప్పినా పర్లేదని యజమానులు అనుకుంటారు. సంతలో బేరమాడే భాష వేరు. "కొంచెం ఆగి, ఒత్తిడి తగ్గించి" అనే మాట పట్టుకోవాలంటే ఇంట్లో మాట్లాడే భాష కావాలి. 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా చేరిన గిడుగు రామమూర్తి ఈ సంగతి పట్టుకునే సవర నేర్చుకున్నారు, సవరలోనే పిల్లలకు చదువు చెప్పించడానికి బడులు పెట్టారు. ఆ ఊరి కార్ఖానాల్లో సవర ఆడవాళ్లకు హిందీ స్లైడ్లు చూపించడం బాధాకరం.

చేయాల్సింది ఇది. నేర్పేవాడి పక్కన దుబాసీని నిలబెట్టవద్దు. ప్రతి మాటా రెండుసార్లు చెప్పడంతో సమయం రెండింతలవుతుంది, దుబాసీకి పని తెలియకపోతే కీలకం జారిపోతుంది. దానికి బదులు సవర వచ్చిన మంచి పనిమనిషిని ఒకరిని, ఒడియా వచ్చినవాళ్లను ఒకరిని ముందు నేర్పేవాళ్లుగా తయారుచేయాలి. కాగితంలోని కీలకాలను వాళ్ల నోటితో వాళ్ల భాషలో చెప్పించి ఫోనులో రికార్డు చేసుకోవాలి. కొత్తవాళ్లకు అదే వినిపించవచ్చు.

గోడ మీద అక్షరాల పోస్టర్ కంటే అసలు పప్పు అతికించిన బల్ల మేలు. గ్రేడింగ్ నేర్పేటప్పుడు డబ్ల్యూ 180, 210, 240, 320, 450 వరసలు, ఒక్కో వరసలో పది గింజలు. పక్కన మాడినవి, పురుగు పట్టినవి, బద్దలు. ఆ అంకెలకు అర్థం కూడా చెప్పండి: ఒక పౌండు (454 గ్రాముల) తూకానికి రమారమి ఎన్ని గుండ్లు వస్తాయో ఆ అంకె. అర్థం తెలిస్తే అనుమానం వచ్చినప్పుడు వాళ్లే లెక్కపెట్టి సరిచూసుకుంటారు. పప్పు రంగు మారుతుంది కాబట్టి బల్లను రెండు నెలలకోసారి మార్చాలి.

ఎప్పుడు, ఎంతసేపు

రోజంతా క్లాసు పెట్టవద్దు. గంటన్నర చొప్పున వారానికి రెండు, మూడు వారాల్లో ఆరు. మొత్తం తొమ్మిది గంటలే, కానీ మధ్యలో పనిమీద అభ్యాసం జరుగుతుంది. ఒక్కసారి విని వదిలేసింది ఎంత వేగంగా పోతుందో జర్మనీలో మనస్తత్వ శాస్త్రవేత్త ఎబింగ్‌హాస్ 1885లోనే కొలిచి చూపించారు. ఆపి ఆపి మళ్లీ గుర్తుచేసుకుంటే నిలుస్తుంది. కాబట్టి ప్రతి పూటా మొదటి పది నిమిషాలు కిందటి పాఠాన్ని వాళ్లచేతే చేయించండి. మీరు మళ్లీ చెప్పకండి.

పొద్దున్నే, షిఫ్టు మొదట్లో పెట్టాలి. సాయంత్రం ఇంటికి నీళ్లు, వంట పని ఉన్నవాళ్ల మనసు అక్కడ ఉండదు. ఆ ఊరి సంత రోజు వద్దు. ఊడుపులు, కోతలు నడిచే వారాలు వద్దు. జూన్ నడిమిలో రజ పండగ మూడురోజులు ఒడియావాళ్లు రారు, సంక్రాంతికి తెలుగువాళ్లు రారు. కొత్త పిక్క దిగే వేసవి మొదట్లో యూనిట్ ఊపిరి సలపకుండా ఉంటుంది, అప్పుడు మేస్త్రీలు మనుషుల్ని వదలరు. దానికి ఒక నెల ముందు మంచి సమయం.

ఇంకో మాట, గట్టిగా చెప్పాలి: ముక్క కూలికి పనిచేసేవాళ్లకు శిక్షణ గంటలకు వాళ్ల సగటు సంపాదన చెల్లించాలి. చెల్లించకపోతే మొదటి పూట వస్తారు, రెండో పూట సగం మంది రారు. అది వాళ్ల నిర్లక్ష్యం కాదు.

మిషను దగ్గర నేర్పేటప్పుడు ఒకరికి నలుగురు మించకూడదు. ఐదో మనిషి చేయి ఎవరూ చూడరు.

నేర్పే పూట ఎలా నడవాలి

నాలుగు అడుగులు, ఆ యుద్ధకాలపు పద్ధతిలోవే. ముందు మనిషిని కుదుటపరచాలి, పని గురించి ఇప్పటికే ఏం తెలుసో అడగాలి. తర్వాత చేసి చూపించాలి, మూడుసార్లు: ఒకసారి మెట్లు మాత్రం చెబుతూ, ఇంకోసారి కీలకాలతో, మూడోసారి ఎందుకో కూడా చెబుతూ. నేర్చుకునేవాళ్లు మీ పక్కన నిలబడాలి. ఎదురుగా నిలబడితే కుడి ఎడమ తిరగబడుతుంది, చాలామందికి మొదటి తప్పు అక్కడే మొదలవుతుంది.

మూడో అడుగు వాళ్లు చేయడం. మొదటిసారి మాట్లాడకుండా చేయనివ్వండి, తప్పుంటే అప్పుడే ఆపండి. తప్పు నాలుగుసార్లు చేశాక దిద్దితే అది అప్పటికే చేతికి అలవాటైపోతుంది. రెండోసారి చేస్తూ మెట్లు చెప్పించండి, మూడోసారి కీలకాలు, నాలుగోసారి కారణాలు. "అర్థమైందా?" అని అడగవద్దు. ఆ ప్రశ్నకు మన దగ్గర వచ్చే సమాధానం ఎప్పుడూ "అయింది బాబూ" అనే. నాలుగో అడుగు, ఒంటరిగా పనికి పంపి, అనుమానం వస్తే ఎవరిని అడగాలో పేరు పెట్టి చెప్పి, మొదటి రోజు గంటకోసారి, తర్వాత పూటకోసారి, ఆ తర్వాత వారానికోసారి వెళ్లి చూడడం.

మేస్త్రీ ఒప్పుకోకపోతే ఏదీ నిలవదు

పాఠంలో నేర్చుకున్నది పనిలోకి రాకపోవడానికి పెద్ద కారణం నేర్పినవాళ్లలో ఉండదు, నేర్చుకున్నవాళ్లలోనూ ఉండదు. మర్నాడు పొద్దున మేస్త్రీ అనే ఒక్క మాటలో ఉంటుంది: "అవన్నీ అక్కడ. ఇక్కడ సాయంత్రానికి లోడు పోవాలి." అందుకని మేస్త్రీలకు ఒక వారం ముందే అదే పాఠం చెప్పాలి. కాగితం తయారుచేసేటప్పుడు వాళ్లను కూర్చోబెట్టాలి. వాళ్లతో మూడు విషయాలు ముందే ఒప్పందం చేసుకోవాలి: శిక్షణ అయిన మొదటి వారం గంట లెక్క పది పదిహేను శాతం తగ్గినా తిట్టరు, రోజుకు ఒక్కొక్కరి దగ్గర రెండు నిమిషాలు నిలబడి కీలకాలు చూస్తారు, పిక్క పచ్చిగా వస్తే కోతకు దించకుండా వెనక్కి పంపుతారు.

కొత్త పద్ధతిలో చెయ్యి ముందు నెమ్మదిస్తుంది, తర్వాత పాత వేగానికి వస్తుంది. ఆ తగ్గిన వారానికి కూలి తగ్గితే అందరూ మూడోరోజుకే పాత పద్ధతికి పోతారు. ఆ వారం పాత సగటు ప్రకారం చెల్లించండి. ఈ ఒక్క ఖర్చు దగ్గర పొదుపు చేసి మొత్తం శిక్షణను పోగొట్టుకున్న యూనిట్లు చాలా ఉంటాయి.

నాలుగు స్థాయుల కొలత

శిక్షణ ఫలితం కొలవడానికి అమెరికన్ డోనాల్డ్ కిర్క్‌పాట్రిక్ 1959లో నాలుగు స్థాయులు చెప్పారు: వాళ్లకు ఎలా అనిపించింది, ఏం నేర్చుకున్నారు, పనిలో ఏం మారింది, సంస్థకు ఏం దక్కింది. పాఠం తయారీ నాలుగో దాన్నుంచి వెనక్కి చేయాలి, కొలత ఒకటి నుంచి ముందుకు.

మొదటి స్థాయి మీద కాలం ఎక్కువ పెట్టకండి. ఐదు నక్షత్రాల ఫారం ఇస్తే మర్యాద కోసం అందరూ ఐదే పెడతారు. మూడు ప్రశ్నలు నోటితో అడగండి, నేర్పినవాళ్లు కాక వేరేవాళ్లు అడగాలి: రేపు ఏం మార్చి చేస్తారు? ఏది అర్థం కాలేదు? చేయబోతే ఏది అడ్డం వస్తుంది? మూడోదానికి వచ్చే సమాధానాలు బంగారం. బ్లేడు పదును, వెలుతురు, కూర్చునే పీట ఎత్తు అన్నీ అందులో బయటపడతాయి.

రెండో స్థాయికి రాత పరీక్ష వద్దు. ఇరవై పిక్కలిచ్చి కోయించండి, కోస్తూ కీలకాలు వాళ్ల భాషలో చెప్పమనండి. ఇరవైలో పదిహేను గుండ్లు, ఐదు కీలకాల్లో ఐదూ. నాలుగు చెబితే సరిపోదు, వదిలిన ఒక్కటి చేతి తొడుగు కావచ్చు.

మూడో స్థాయి కష్టమైంది, అందుకే అందరూ వదిలేస్తారు. కాగితంలోని ఐదు కీలకాలనే జాబితాగా చేసి, రెండో వారం, ఆరో వారం, పన్నెండో వారం ఒక్కొక్కరినీ పది పిక్కలు కోసేదాకా చూసి అవును కాదు టిక్ పెట్టాలి. ముందు చెప్పి వెళ్తే ఆ పూట అందరూ చక్కగా చేస్తారు. చెప్పకుండా వెళ్లాలి, కానీ ఈ టిక్కుల వల్ల ఎవరి కూలీ కోసేది లేదని మొదటే అందరికీ చెప్పి ఉంచాలి. చూసే ఇద్దరు ముందు ఒకే మనిషిని విడివిడిగా చూసి టిక్కులు పోల్చుకోవాలి. వందలో 85 కలవకపోతే జాబితాలో మాట స్పష్టంగా లేదని అర్థం. "సరిగా నొక్కుతోంది" అని రాస్తే ఇద్దరికీ రెండు అర్థాలు. "పెంకు తెగాక కాలు ఆగింది" అని రాస్తే ఒకటే అర్థం.

రెండో వారం బాగుండి పన్నెండో వారానికి పడిపోతే పాఠంలో లోపం లేదు. మేస్త్రీ, రేటు, పిక్క, ఈ మూడింటిలో ఏది మారిందో చూడండి.

డబ్బు లెక్క

నాలుగో స్థాయికి, ముందు నేర్పిన సగం, ఇంకా నేర్పని సగం ఇప్పుడు పనికొస్తాయి. నేర్పిన 20 మంది గుండ్ల సగటు 68 నుంచి 75కు వచ్చిందనుకుందాం. ఏడు పాయింట్లు పెరిగాయని రాసేయవద్దు. నేర్పని 20 మంది కూడా 67 నుంచి 70కి వచ్చారు, ఎందుకంటే ఆ నెల లాటు బాగుంది. శిక్షణ వల్ల వచ్చింది ఏడులో మూడు పోగా నాలుగు పాయింట్లు.

మనిషికి రోజుకు 10 కిలోలు, 20 మందికి 200 కిలోలు. దాంట్లో నాలుగు శాతం అంటే 8 కిలోలు బద్దగా పోవాల్సింది గుండుగా వచ్చింది. గుండుకూ బద్దకూ ధర తేడా కిలోకు 80 రూపాయలైతే రోజుకు 640, నెలకు 25 పనిరోజులకు 16,000.

ఖర్చులో చాలామంది మర్చిపోయేవి కూడా కలపాలి. 20 మంది 9 గంటలకు గంటకు 50 చొప్పున కూలి 9,000. ఆ 180 గంటల్లో ఆగిన ఉత్పత్తి మీద లాభం గంటకు 60 చొప్పున 10,800. నేర్పేవాళ్లిద్దరి తయారీ, బోధన 8,000. అభ్యాసంలో పాడైన పిక్కలు 5,200. తూకం, తొడుగులు, బల్ల 5,000. కొలతలకు పట్టిన మనుషుల సమయం 4,000. మొత్తం 42,000. మొదటి వారం తగ్గిన ఉత్పత్తికి కట్టిన కూలి మీ దగ్గర ఎంతైతే అంత దీనికి కలుపుకోండి.

రోజుకు 640 చొప్పున 66 పనిరోజుల్లో, అంటే రెండున్నర నెలలు దాటాక పెట్టుబడి తిరిగొస్తుంది. ఆరు నెలలకు 96,000 వస్తే, ఖర్చు పోగా 54,000. పెట్టినదాని మీద 129 శాతం. ఈ అంకె పన్నెండో వారం తూకం కూడా అలాగే నిలిచినప్పుడే రాయాలి. రెండో వారం అంకెను ఏడాదికి గుణించి యజమానికి చూపించడం మోసం.

ఇతర పనులకు

పద్ధతి ఇదే, కొలిచేది మారుతుంది. నర్సింగ్ హోములో చేతుల శుభ్రత నేర్పితే ప్రశ్నపత్రం మీద మార్కులు చూడకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన ఐదు సందర్భాలు జాబితాగా పెట్టుకుని (రోగిని ముట్టుకునే ముందు, శుభ్రంగా చేయాల్సిన పనికి ముందు, రక్తం వంటివి తగిలే పని తర్వాత, రోగిని ముట్టుకున్నాక, రోగి చుట్టుపక్కల వస్తువులు ముట్టుకున్నాక) ఎన్ని సందర్భాలు వచ్చాయి, ఎన్నింటిలో చేతులు శుభ్రం చేసుకున్నారు అని లెక్కపెట్టాలి. చేతులకు రాసుకునే ఆల్కహాల్ రబ్ అయితే 20 నుంచి 30 సెకన్లు, సబ్బూ నీళ్లూ అయితే మొత్తం 40 నుంచి 60 సెకన్లు. రబ్ సీసా మంచం పక్కన లేక కారిడార్ చివర ఉంటే, ముందు సీసా జరపండి, తర్వాత శిక్షణ.

ఆహార యూనిట్లకు ఒక నియమం: 25 మంది పనివాళ్లకు కనీసం ఒకరు చొప్పున ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) శిక్షణ పొందిన ఫుడ్ సేఫ్టీ సూపర్‌వైజర్ ఉండాలి. 60 మంది యూనిట్‌కు ముగ్గురు. ఆ సర్టిఫికెట్ తప్పనిసరి, కానీ అది పైన చెప్పిన కొలతలకు బదులు కాదు.

రిజిస్టరు

ఒక్క పుస్తకం చాలు. మనిషికొక పేజీ: ముందు మూడు తూకాలు, శిక్షణ తేదీలు, ఇరవై పిక్కల పరీక్ష, మూడుసార్ల టిక్కులు, తర్వాతి తూకాలు. పక్కన లాటు నంబరు తప్పకుండా రాయాలి. అది లేకపోతే రెండు నెలల తర్వాత ఏ అంకె ఎందుకు పెరిగిందో ఎవరూ చెప్పలేరు. పేజీని ఆ మనిషికి చూపించాలి, ఆమెకు చదువు రాకపోతే చదివి వినిపించాలి.

నేర్పేవాళ్లను భాషకు ఇద్దరు చొప్పున ఉంచండి. గంజాం జిల్లా నుంచి పనికోసం సూరత్ వలసపోయే దారి అందరికీ తెలిసిందే; ఒక్కరే ఉంటే ఆ మనిషి వెళ్లిపోయిన రోజే శిక్షణ ఆగిపోతుంది. రెండో సగం 20 మందికి నేర్పే ముందు కాగితం మళ్లీ తీసి, మొదటి సగం ఎక్కడ ఎక్కువ తడబడ్డారో ఆ మెట్టు కీలకాన్ని తిరగరాయండి. దాన్ని రాయడానికి మొదటి సగంలో కష్టపడి నేర్చుకున్న ఒకరిని పిలవండి. ఎక్కడ ఎలా తప్పుతుందో వాళ్లకు తాజాగా గుర్తుంటుంది.